బిల్లు పెట్టారు... ఇచ్చేశారు!

తుపానొచ్చినా, కరువొచ్చినా రాష్ట్రం ఖర్చుపెట్టడం, ఆ లెక్కలు కేంద్రానికి పంపి డబ్బు రాబట్టుకోవడం మనకు తెలిసిన తంతే. కానీ మనుషుల్ని వేటాడిన ఖర్చుకు కూడా ఒక రాష్ట్రం బిల్లు పెట్టిందంటే నమ్ముతారా? ఆ రాష్ట్రం ఏదో కాదు. ఇవాళ మన తెలుగు పిల్లలెందరో ఉద్యోగాలు చేసుకుంటున్న కాలిఫోర్నియా!

1848 జనవరిలో అక్కడ బంగారం బయటపడింది. జనం ఎగబడ్డారు. 1850లో కాలిఫోర్నియా అమెరికాలో 31వ రాష్ట్రమైంది. తరతరాలుగా అక్కడే బతుకుతున్న మూలవాసులు కొత్తగా వచ్చినవాళ్లకు అడ్డయ్యారు. ఆ జాతి అంతరించేదాకా యుద్ధం సాగుతూనే ఉంటుందని గవర్నర్ పీటర్ బర్నెట్ 1851లో చట్టసభకే చెప్పాడు.

యుద్ధమంటే మాటలా? తెల్లవాళ్లను వాలంటీర్లుగా పోగుచేసి మిలీషియా దళాలు కట్టారు. జీతాలు, గుర్రాలు, తిండి, తూటాలు... అన్నిటికీ డబ్బు కావాలి. ఖజానాలో లేదు. దాంతో 1851లో 5 లక్షల డాలర్లకు, 1852లో మరో 6 లక్షల డాలర్లకు యుద్ధ బాండ్లు మంజూరు చేశారు. రాష్ట్రాల రక్షణ ఫెడరల్ ప్రభుత్వ బాధ్యత కాబట్టి, ఆ అప్పు వాషింగ్టనే తీర్చాలని వాళ్ల వాదన.

తీర్చింది కూడా. 1854లో అమెరికా కాంగ్రెస్ 9,24,259 డాలర్ల దాకా మంజూరు చేసింది. తర్వాతి దాడుల ఖర్చుకు 1861లో మరో 4 లక్షల దాకా ఇచ్చింది.

ఆ రోజుల్లోనే వాషింగ్టన్‌కు ఇంకో కాగితాల కట్ట చేరింది. మూలవాసులకు కొంత భూమి వదిలిపెడతామంటూ ఫెడరల్ ప్రతినిధులు రాసుకున్న 18 ఒప్పందాలవి. 1852లో సెనెట్ వాటిని తిరస్కరించి, గుట్టుగా దాచేసింది. అవి మళ్లీ వెలుగు చూసింది 1905లో! చంపినవాళ్ల రసీదులు చెల్లాయి. బతకనిస్తే చాలని ఒప్పుకున్నవాళ్ల కాగితాలు చెల్లలేదు.

1840ల్లో దాదాపు లక్షన్నర ఉన్న అక్కడి మూలవాసులు, 1870ల నాటికి 30 వేలకు పడిపోయారని చరిత్రకారుల అంచనా. రోగాలు, ఆకలి, వెట్టిచాకిరీ కూడా ప్రాణాలు తీశాయి. నిజమే. కానీ తుపాకీ ఖర్చు మాత్రం ప్రభుత్వం లెక్కకట్టి మరీ ఇచ్చింది. డబ్బు తిరిగొస్తుందన్న ధీమా ఉంటే ఎవరి చెయ్యి ఆగుతుంది?

2019లో గవర్నర్ గావిన్ న్యూసమ్ దాన్ని జాతి నిర్మూలన అని ఒప్పుకుని, రాష్ట్రం తరఫున క్షమాపణ చెప్పారు. మంచిదే. అయితే బాండ్లు రాసిన మూడేళ్లకే వాషింగ్టన్ సొమ్ము మంజూరైంది. క్షమాపణకు పట్టింది మాత్రం 168 ఏళ్లు!