ధర చెప్పని స్థలానికి బయానా

ఈడీ అనగానే హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి నోటీసులూ సోదాలూ గుర్తొస్తాయి. న్యూజెర్సీలో ఉన్న మా అక్కావాళ్ళకి నవంబరు 1 గుర్తొస్తుంది. అమెరికాలో పేరున్న ప్రైవేటు కాలేజీల్లో చాలావాటికి ‘ఎర్లీ డెసిషన్’ దరఖాస్తు గడువు ఆ రోజో, ఆ దగ్గర్లోనో ఉంటుంది. ఒక్క కాలేజీకే వెయ్యాలి. సీటొస్తే చేరి తీరాలి, మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకోవాలి. ఆ మేరకు అమ్మాయీ, ఇంట్లో పెద్దవాళ్ళొకరూ, బడిలో కౌన్సెలరూ సంతకాలు పెట్టాలి.

మొన్న ఫోన్లో బావ అన్నారు: “లెక్కలు నీకు బాగా వచ్చు కదా, ఎక్కడ ఈడీ వేస్తే సీటు ఖాయమో చూసి చెప్పు.” అసలు పిల్లకి ఏ కాలేజీ ఇష్టం అని అడిగాను. “ఇష్టం సంగతి తర్వాత చూద్దాంలే” అన్నారు. ఆయన్ని తప్పు పట్టను. నా గొడవంతా ఆయన చేత ఆ మాట అనిపించిన పద్ధతితోనే.

ఈడీని సమర్థించేవాళ్ళు ఎప్పుడూ ప్రేమ భాషే మాట్లాడతారు. ‘డ్రీమ్ స్కూల్’ అంటారు, పిల్లలు మనసులో మాట చెప్పుకునే వీలంటారు. నిజానికి ఇక్కడ తీరేది కాలేజీ బెంగ. సీటిచ్చినవాళ్ళలో ఎంతమంది చేరతారో వసంతకాలం దాకా తెలీదు. సంతకం పెట్టించుకుంటే డిసెంబరుకే తెలిసిపోతుంది. అందుకే కొన్ని కాలేజీలు దాదాపు సగం క్లాసుని ఈ దారిలోనే నింపేస్తున్నాయి. పిల్లలకి దక్కే లాభం కూడా అబద్ధం కాదు. ఏవరీ, ఫెయిర్‌బ్యాంక్స్, జెక్‌హౌజర్ కలిసి 2003లో దీనిమీద ఒక పుస్తకమే వేశారు. ముందుగా అప్లై చేస్తే వచ్చే లాభం ఎస్.ఎ.టి.లో 100 మార్కులు పెరగడంతో సమానమని అందులో తేల్చారు. అంటే ఇది 100 మార్కుల బేరం. ఇంత బేరానికి ప్రేమ అని పేరెందుకు?

నేను ప్రోగ్రాములు రాసుకుని బతికేవాణ్ణి, కాబట్టి నాకు ముందు కనిపించే తప్పు డిజైన్‌లోదే. మన ఎంసెట్ కౌన్సెలింగ్ మీద ఎన్ని తిట్లయినా తిట్టొచ్చు. కోచింగ్ కార్ఖానాల సంగతి చెప్పక్కర్లేదు. కానీ వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడంలో ఒక న్యాయం ఉంది. అందని కాలేజీని పైన పెట్టినంత మాత్రాన కింద పెట్టిన కాలేజీలో నీ అవకాశం తగ్గదు. ఇష్టాన్ని ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు. ఐఐటీలకీ ఎన్ఐటీలకీ జరిగే జోసా కౌన్సెలింగ్‌లో అయితే వచ్చిన సీటు చేతిలో ఉంచుకుని, ‘ఫ్లోట్’ పెట్టి, ఇంకా మంచిదాని కోసం చూడొచ్చు కూడా.

ఈ ఆలోచన పుట్టింది అమెరికాలోనే. 1962లో గేల్, షాప్లీ అనే ఇద్దరు గణితవేత్తలు కాలేజీ అడ్మిషన్ల గురించే ఒక పేపరు రాశారు. ఆ పద్ధతిలో విద్యార్థి తన ఇష్టాల గురించి అబద్ధం చెప్పి బాగుపడేదేమీ ఉండదు. ఆ కృషికే షాప్లీకి 2012లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మొదటి ఆప్షన్‌ని తెలివిగా ‘ఖర్చుపెట్టినవాళ్ళే’ గెలిచే పాత పద్ధతిని బోస్టన్ ప్రభుత్వ బడులు 2005లో మానేశాయి. ఈడీ అచ్చంగా ఆ పాత పద్ధతే. చేతిలో ఉన్నది ఒక్కటే టోకెను. ఇష్టమైన చోట వాడితే వృథా కావొచ్చు, అందుకని వచ్చేచోట వాడాలి. బావ నన్ను చెయ్యమన్న లెక్క ఇదే. పదిహేడేళ్ళ పిల్లకి మనం నేర్పే మొదటి పాఠం కూడా ఇదే: నీకేం కావాలో పైకి చెప్పకు.

ఇక డబ్బు. ఇలాంటి కాలేజీలు కొన్నింట్లో ఫీజూ హాస్టలూ భోజనం కలిపి ఏడాది ఖర్చు 90 వేల డాలర్లు దాటింది. ఐవీ కాలేజీలు మెరిట్ స్కాలర్‌షిప్ ఇవ్వవు, కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం చేస్తాయి. ఎంత పడొచ్చో చెప్పే కాలిక్యులేటర్లు వెబ్‌సైట్లలో ఉంటాయి, కాకపోతే అది అంచనా మాత్రమే. అసలు అంకె తెలిసేది సంతకం పెట్టాకే. అప్పుడు పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఇంకో ఆఫరు ఉండదు. సాయం చాలకపోతే తప్పుకోవచ్చు. నిజమే. మన ఊళ్ళో ధర చెప్పకుండా స్థలానికి బయానా అడిగితే, ‘నచ్చకపోతే వాపసు ఇస్తాంలే’ అన్నా ఎవరూ ఇవ్వరు. తప్పుకుంటే బడి మీద కూడా పడొచ్చు. ఒక విద్యార్థి వెనక్కి తగ్గినందుకు, తులేన్ యూనివర్సిటీ 2025లో కొలరాడోలోని ఓ బడి నుంచి ఏడాదిపాటు ఈడీ దరఖాస్తులే తీసుకోనంది.

మనవాళ్ళకి ఇంకో ముడి ఉంది. బావది హెచ్1బి, గ్రీన్‌కార్డు క్యూ ఎప్పటికి కదులుతుందో తెలీదు. ఉద్యోగం పోతే 60 రోజుల గడువు. పిల్ల నాలుగేళ్ళప్పుడు వెళ్ళింది, యాసంతా అక్కడిదే. అయినా హెచ్4 మీద ఉంది గనక ఫెడరల్ సాయం రాదు, చాలా కాలేజీలు ఆమెని విదేశీ విద్యార్థిగానే లెక్కేస్తాయి. 21 నిండితే ఆ వీసా కూడా ఉండదు. ఇన్ని తెలియనివాటి మధ్య, తెలిసిన ఒక్క తలుపు తప్ప అన్నీ మూసేస్తానని సంతకం పెట్టమంటున్నారు. డబ్బున్నవాడికి ఇది చిన్న సంతకం. ఆఫర్లు పోల్చుకునే అవసరం లేనివాడికి 100 మార్కులు ఊరికే కలుస్తున్నాయి, పోల్చుకోక తప్పనివాడికి అన్ని మార్కులు తగ్గుతున్నాయి.

ఇదేదో మార్చలేని వ్యవహారం కాదు. హార్వర్డ్, ప్రిన్‌స్టన్ 2006లో ముందస్తు దారులు మూసేస్తామన్నాయి, మూశాయి. తక్కినవాళ్ళు వెంట రాకపోయేసరికి 2011లో మళ్ళీ తెరిచాయి. వర్జీనియా టెక్ 2023లో ఈడీ ఎత్తేసింది. ఒక్కొక్కరూ మంచితనంతో ఎత్తేస్తే నిలబడదని మొదటి అనుభవం చెప్తోంది. అందరికీ కలిపి నియమం పెట్టాలి.

అందాకా ఏం చెయ్యాలి? నా సమాధానం చప్పగానే ఉంటుంది. పూర్తి ఖర్చు అప్పు లేకుండా పెట్టగలిగి, పిల్లకి ఆ కాలేజీ తప్ప వేరే ఏదీ వద్దనిపించి, ఆ ఇష్టం ఏప్రిల్ దాకా మారదనిపిస్తే ఈడీ వెయ్యండి. మూడింట్లో ఏది లేకపోయినా వద్దు. ‘ఎర్లీ యాక్షన్’ ఉంది కదా. ఎం.ఐ.టి.లోనూ చాలా రాష్ట్ర యూనివర్సిటీల్లోనూ ఉంది. జవాబు ముందే వస్తుంది, కట్టుబడక్కర్లేదు. మే 1 దాకా ఆలోచించుకోవచ్చు.

మేనకోడలితో విడిగా మాట్లాడాను. “నాకింకా తెలీదు మావయ్యా” అంది. పదిహేడేళ్ళకి అంతకన్నా నిజాయితీ గల జవాబు లేదు. ఈడీ ఫారంలో ఆ జవాబుకి చోటు లేదు. బావకి ఫోన్ చేసి, వద్దన్నాను. పోయే 100 మార్కుల లెక్క కూడా దాచకుండా చెప్పాను. “రేపు సీటు రాకపోతే?” అన్నారు. రాకపోవచ్చు, అప్పుడు నన్నే అనండి అన్నాను. ఆయనకి నచ్చలేదు. అక్క మాత్రం నాలుగు ఎర్లీ యాక్షన్ ఫారాలు తెరిచి కూర్చుంది.