నెపమంతా సముద్రం మీదికే

మైపాడు, కొత్తకోడూరు, తుమ్మలపెంట… మా నెల్లూరు తీరాన ఏ ఊళ్లో రోజా చెట్టు మాటెత్తినా ఒకటే తీర్పు. "ఉప్పుగాలికి రోజా బతకదబ్బా. అది బెంగుళూరు చెట్టు, దానికి చల్లదనం కావాల." తలా రెండు మూడు మొక్కలు చంపుకున్న అనుభవంతో చెప్పే మాట గనక కొట్టిపారేయడం కష్టం. నేనూ చంపినవాణ్నే. అయినా ఆ తీర్పు తప్పంటాను.

నేను చంపిన మొక్క సంగతే ముందు చెబుతా. ట్రాలీ ఆటోలో వీధివీధీ తిప్పి అమ్ముతుంటే, అరచేతంత ఎర్రపువ్వు చూసి మోజుపడి కొన్నాను. రోహిణి కార్తెకి ఎండింది. పెరికి చూద్దును గదా, నర్సరీవాళ్ల ఎర్రమట్టి ముద్ద నల్లకవరు ఆకారం చెదరకుండా ఇటుక మాదిరి గట్టిపడి ఉంది. పూటపూటా పోసిన నీళ్లన్నీ చుట్టూ ఉన్న ఇసుకలోకి జారుకున్నాయి, ముద్దలోకి దిగలేదు. ఒక్క వేరూ ముద్ద దాటి బయటికి రాలేదు. అంటు ముడికి పైనున్న కొమ్మలన్నీ నల్లగా మాడిపోయాయి. ముడి కింద మటుకు రెండు పచ్చటి చిగుళ్లు. అదే ఎండ, అదే గాలి, అవే నీళ్లు. కింది రోజా బతికింది, దాని నెత్తిన అతికించిన రోజా చచ్చింది. ఇందులో సముద్రం చేసిన తప్పేమిటి?

ఆ అతికించిన రకాన్ని హైబ్రిడ్ టీ అంటారు. 1867 నాటి 'లా ఫ్రాన్స్' ఆ జాతికి మొదటిదని లెక్క. పొడుగాటి కాడ, కాడకో పువ్వు, అంచు తిరిగిన రేకులు: పోటీల బల్ల మీదా, గాజు కూజాలోనూ నిలవడానికి యూరప్ వాళ్లు పెంచుకున్న చెట్టు అది. దాన్ని తెచ్చి ఇసుకపర్రలో నాటి, అది చస్తే రోజా జాతి మొత్తానికీ మరణశిక్ష రాసేశాం.

మన బావిగట్ల దగ్గర ఉండిన నాటు రోజా ఎవరికీ గుర్తు రాదేం? పన్నీరు రోజా అనేవాళ్లు కొందరు. పుస్తకాల్లో దాని పేరు ఎడ్వర్డ్ రోజా, బోర్బన్ వంశం. ఆ వంశం ఎక్కడ పుట్టిందో తెలిస్తే 'ఉప్పుగాలి' వాదన అక్కడే కూలిపోతుంది. హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కి తూర్పున రీయూనియన్ అనే దీవి ఉంది. ఒకప్పుడు దాన్నే బోర్బన్ అనేవారు. అక్కడి రైతులు పొలాలకు కంచెగా చైనా రోజానీ, డమాస్క్ రోజానీ కలిపి నాటేవారు. ఆ రెంటికీ తనంతట తానే కలిసి పుట్టిన మొక్క 1817 ప్రాంతాల్లో కంటబడింది. దీవి, తుపాన్లు, నలువైపులా సముద్రం, పైగా కంచెలో పుట్టుక! మన సముద్రపు నీటి అవతలి ఒడ్డున పుట్టిన పువ్వుకి ఈ ఒడ్డున గాలి పడదంటే ఎట్లా నమ్మాలి?

ఇంకో విడ్డూరం. తమిళనాట విడిపూల కోసం ఎకరాలకెకరాలు వేసే రోజాల్లో ఎడ్వర్డ్ పక్కనే 'ఆంధ్రా రెడ్' అనే రకమూ ఉంది. మన పేరు పెట్టుకున్న రోజా పక్క రాష్ట్రంలో పూస్తుంటే, మనం ఇక్కడ పూయదని సాధిస్తున్నాం.

ఈ మాట నా సొంత పైత్యం కూడా కాదు. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ ఉద్యోగాన్ని మధ్యలో వదిలేసి కొడైకెనాల్ వెళ్లిన ఎం.ఎస్. వీరరాఘవన్ జీవితమంతా చెప్పింది ఇదే: వేడి దేశాలకు వేడి దేశాల రోజాలు కావాలి, చలిదేశపు పూలను బతిమాలుకోవడం దండగ. అందుకే ఆయన బెంగాల్ వైపు నీళ్లు నిలిచే పల్లాల్లో పెరిగే 'రోజా క్లైనోఫిల్లా' అనే మన అడవి జాతిని వెతికి తెచ్చి సంకరం చేశారు.

ఇక వాసన. గులాబి అన్న మాట పారశీకం నుంచి వచ్చింది. గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీరు. పూలనీరు ఇస్తుంది గనకనే పువ్వుకి ఆ పేరు. పెళ్లి గుమ్మంలో పన్నీరు బుడ్డితో చిలకరించేదీ ఆ నీరే. ఇప్పుడు మండపం నిండా కట్టే పెట్టెల రోజాలకు ముక్కు ఆనించి చూడండి, తడి కాగితం వాసన వస్తుంది. లారీ ప్రయాణానికీ కూజాలో నిలవకీ ఎంచుకుంటూ పోయినవాళ్లకు వాసన పట్టలేదు. రోజా వాసనకు ముఖ్యమైన జెరానియాల్ తయారీలో ఒక ఎంజైమ్ పని ఉందనీ, వాసన లేని రకాల్లో అది మందగించి ఉంటుందనీ 2015లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు తేల్చారు. మందగించిన దానికి ఎన్ని అరటితొక్కలు వేస్తే వాసన వస్తుంది?

తొక్కలంటే గుర్తొచ్చింది. రోజాకి సేవ ఎక్కువ కావాలనేది రెండో అపవాదు. మిద్దెతోటల వాళ్ల చిట్టా వింటే చంటిపిల్లాణ్ని పెంచడమే తేలికనిపిస్తుంది: వారం వారం మందు, గుడ్డు పెంకులు, ఎప్సం ఉప్పు, చెంచాడు డీఏపీ. అసలే నీళ్లలో ఉప్పు ఉన్న ఊళ్లో ఇంకా ఉప్పు పోయడం ఏం వైద్యం? రసాయన ఎరువులూ లవణాలే గదా. నాటు రోజా గుంటలోకి రెండు తట్టల చెరువుమట్టి, ఒక తట్ట మాగిన పశువులెరువు వేసి, మొదట్లో గడ్డి పరిస్తే సగం పని అయిపోయినట్టే. రోజూ చెంబెడు చిలకరించేకంటే మూడు రోజులకోసారి బిందెడు పోయడం మేలు. పొద్దుటి ఎండ తగలాలి, పడమటి ఎండ తప్పాలి.

కత్తిరింపు విషయంలోనూ ఉత్తరాది క్యాలెండరు పట్టుకుని అక్టోబరులో కోసేస్తారు. మనకు అసలు వానలు మొదలయ్యేదే అప్పుడు. తడిసిన కోతల్లోంచి తెగులు దిగి కొమ్మ పైనుంచి కిందికి ఎండుకుంటూ వస్తుంది. మళ్లీ సముద్రానికే తిట్లు! సంక్రాంతి దాకా ఆగి, ఎండుపుల్లలు తీసి, పైపైన కత్తిరిస్తే చాలు. కొమ్మ నాటి పెంచిన సొంతవేరు చెట్టుకి ఇంకో సుఖం ఉంది. తుపానుకి కొమ్మలు విరిగినా మొదట్లోంచి లేచేది అదే రోజా, అంటు కింది అడవిరకం లేచి మోసం చేయదు.

అవతలివాళ్ల మాటలో నిజం ఉన్నచోట ఒప్పుకుంటా. రొయ్యల గుంటల పక్కన బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే కరకరమనే ఊళ్లలో ఏ రోజా బతకదు. రోజా ఉప్పునీటికి ఓర్చుకునే చెట్టు కాదు. అక్కడ కూడా దోషం బోరుదీ గుంటదీ, ఈ రెంటికీ కారణమైన మనదీ. అల తుంపర నేరుగా పడే ఇంటికి గోడో సరుగుడు వరసో అడ్డం ఉండాలి. సముద్రపు ఇసుకలోనే పెరిగే 'రుగోసా' రోజా అని ఎవరైనా అమ్మజూపితే మటుకు డబ్బులివ్వకండి; అది జపాన్ ఉత్తర తీరపు చలిచెట్టు. నాటు రోజా పొద్దున పూస్తే సాయంత్రానికి రేకులు రాలుస్తుందన్నదీ నిజమే. జడలోకీ దేవుడి పటానికీ అంతకన్నా ఎంతసేపు కావాలి? రాలిన రేకుల్ని చక్కెరతో కలిపి సీసాలో పోసి ఎండలో ఉంచితే గుల్కంద్ అవుతుంది.

ఈసారి కార్తీకంలో వాన వెలిసిన రోజు ట్రాలీ ఆటో వెనక పరుగెత్తకండి. మీ వీధిలో ఏ పాతింటి పెరట్లో నాటు రోజా మిగిలిందో కనుక్కుని, ఆ ఇంటి అవ్వని పెన్సిలంత లావు, జానెడు పొడుగు ఉన్న కొమ్మలు మూడు అడిగి తెచ్చుకోండి. మూడూ నాటండి, ఒకటైనా వేరు పడుతుంది.