తీఱికవేళ చదువు: రాయబారి స్మృతులు



మాతమ్ముఁడు యంత్రవిద్య నభ్యసించుటకై జర్మనీకిఁ బోవనున్నాఁడు. అది విని తిరుచానూరికి వచ్చిన మాయమ్మ పద్మసరోవరమున స్నానము చేసి, అమ్మవారిని దర్శించిన పిదపఁ గూడఁ గన్నీరు తుడుచుకొనుచునే యుండెను. ఆమె నూఱడించుటకై నేనిటీవల చదివిన వృత్తాంతమును జెప్పితిని.

ఆబిద్ హసన్ సఫ్రానీ 1911లో హైదరాబాదున జన్మించెను. నాఁడచ్చటి సంపన్నులు పుత్రులను ఇంగ్లండునకుఁ బంపుచుండిరి. ఆంగ్లప్రభుత్వము నెడఁ దల్లికిఁ గల వైముఖ్యముచే నితఁడు మాత్రము యంత్రవిద్యకై జర్మనీ కేఁగెను. అచ్చట సుభాష్ చంద్రబోసును గలిసికొని, చదువు విడిచి, యాయనకుఁ గార్యదర్శి యయ్యెను. 1943లో బోసుతోఁ గూడ జలాంతర్గామిలో దాదాపు మూఁడునెలలు పయనించి తూర్పుదేశములు చేరెను. "జైహింద్" అను నభివాదన మీతఁడు సూచించినదే యని ప్రసిద్ధి.

స్వాతంత్ర్యానంతరము విదేశాంగశాఖలోఁ బని చేసి, డెన్మార్కునందు మన రాయబారియై, 1969లో విరమించి హైదరాబాదు చేరెను. పిదప ఆంగ్లమున "ద మెన్ ఫ్రమ్ ఇంఫాల్" అను చిన్న స్మృతిగ్రంథమును వెలయించెను.

రాయబారి వ్రాఁతయన్న విందులు, రాజసభలు నుండునని తలఁతుము గదా! ఇందు నాయకులు సామాన్యసైనికులు. 1944 వేసవిలో ఇంఫాలు పోరు విఫలమై, వానలలో, ఆఁకలితో, జ్వరములతో బర్మా దారులఁబట్టి మరలివచ్చినవారు. ప్రాంతములు వేఱు, మతములు వేఱు; నడక యొక్కటి. ఓడినవారిని గూర్చి యింత గౌరవముతో వ్రాయుట యరుదు. దూరదేశమున గడచిన యౌవనమునుండి యాయన మనకుఁ దెచ్చియిచ్చినది తన పదవుల కథ గాదు, తోడివారి కథ.

భారతమున రాయబారియై వచ్చిన శ్రీకృష్ణునిచేఁ గుంతి కొడుకులకుఁ బంపిన సందేశమును దలఁచుకొనుఁడు. విదుల కథను జెప్పి ధైర్యము నూరిపోసినదే కాని, వారిని దనయొద్దకు రమ్మని పిలువలేదు.

అంతయు విని మాయమ్మ, "ఆబిడ్డ తల్లిదేశమునకుఁ దిరిగివచ్చినాఁడా?" యని యడిగెను. యుద్ధానంతరము చెఱనుండి విడుదలయై వచ్చినాఁడంటిని.

మఱునాఁ డామె పప్పులపొడి దంచుచు, "అమ్మాయీ, ఇంకొకసోల పప్పులు వేయించు, వానితో నుండువారికిఁ గూడఁ జాలవలెను" అనెను.

సోదరులారా, బిడ్డలారా యని దూరమునున్నవారిని "తింటివా?" యని యడుగుట మనకు వాడుక. "నీతో నెవరు తినిరి?" అనియు నడుగుదము.