ఏ ప్రశ్నతో పీహెచ్‌డీకి పోతున్నరు?

ఎమ్మే అయిపోయి ఇంటికొచ్చిన తమ్ముడికి, చెల్లెకి ఊర్లో ఎదురయ్యే మొదటి మాట మనందరికీ తెలుసు. "ఇంకెన్నేండ్లు చదువుతవ్ బిడ్డా? నౌకరి ఎప్పుడు?" అడిగేవాళ్ల తప్పు లేదు. తునికాకు కట్టలు కట్టి, పత్తి చేన్లో కూలికి పోయి పంపిన పైసలవి. డీఎస్సీ, గ్రూప్స్ కోచింగ్ అంటే వాళ్లకు అర్థమైతది. పీహెచ్‌డీ, అదీ పొలిటికల్ ఎకానమీలో అంటే మనకే సరిగ్గా చెప్పరాదు. అందుకే ఈ వ్యాసం. రాజకీయ అర్థశాస్త్రం చదివితే ఒక అధ్యాపకుడి జీవితం ఏ దారిన పోతుందో, ఎక్కడ కాలు జారుతుందో, అయినా ఎందుకు పోవాలో సూటిగా మాట్లాడుకుందాం.

ముందు అసలు ఇదేం చదువు? సంతకు పోయి చూడండి. చింతపండు కిలో ధర ఎవరు చెప్పిండ్రు? తూకం రాళ్లు ఎవరివి? పోయిన ఏడు అప్పిచ్చిన షావుకారుకే ఈ ఏడు సరుకు ఎందుకు పోయాలి? ఎకనామిక్స్ పాఠ్యపుస్తకంలో ధర అంటే డిమాండ్, సప్లై గీతలు కలిసే చోటు. రాజకీయ అర్థశాస్త్రం అదే ధరను ఇంకో పక్క నుంచి అడుగుతుంది. భూమి ఎవరిది, కష్టం ఎవరిది, మిగులు ఎవరి చేతిలోకి పోతుంది, చట్టం ఎవరి పక్కన నిలబడింది? గీతలు గీయడం రానోడికి రెండో ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. రెండో ప్రశ్న లేనోడికి గీతలు ఎందుకు గీస్తున్నడో తెలియదు. రెండూ కావాలి.

ఈ చదువు ఒక మనిషిని ఎట్లా మలుస్తుందో చెప్పడానికి అంబేడ్కర్ కంటే మంచి ఉదాహరణ లేదు. 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో కొలంబియా యూనివర్సిటీకి పోయిండు. 1915లో ఎమ్మే కోసం రాసింది ఈస్టిండియా కంపెనీ పరిపాలన, ఆర్థిక వ్యవహారాల మీద. డాక్టరేట్ కోసం బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థను పట్టుకున్నడు. పన్ను ఎవరు కట్టిండ్రు, ఖర్చు ఎవరు పెట్టిండ్రు, లెక్క ఎవరి చేతిలో ఉంది అన్నదే అందులో ప్రశ్న. లండన్‌లో మొదలుపెట్టిన చదువు స్కాలర్‌షిప్ గడువు అయిపోవడంతో 1917లో మధ్యలో ఆగింది. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పొలిటికల్ ఎకానమీ ప్రొఫెసర్ అయ్యిండు. ప్రొఫెసర్ అయినా తోటి అధ్యాపకులు ఒకే కూజాలో నీళ్లు తాగడానికి అభ్యంతరం చెప్పిండ్రు. జీతంలో మిగిల్చి, అప్పు తెచ్చుకుని మళ్లీ లండన్ పోయి 1923లో రూపాయి సమస్య మీద డీఎస్సీ పూర్తి చేసిండు. 1947లో ఆయన రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో భూమి, కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలో ఉండాలని ప్రతిపాదించినప్పుడు, దాని వెనక ఆ లెక్కల చదువంతా ఉంది.

గమనించండి. ఆయన థీసిస్ పేరులో కులం లేదు. కానీ ఖజానా లెక్క చదవడం నేర్చుకున్నడు. ఆ నైపుణ్యం జీవితాంతం ఆయన వెంట నడిచింది.

మనవాళ్లలో వర్జీనియస్ ఖాఖాను చూడండి. ఒరాన్ ఆదివాసీ. ఆయన తొలి పరిశోధన ఉత్తర బెంగాల్ మీద. అక్కడి తేయాకు తోటల్లో, పక్కన రైతుల ఊళ్లలో వర్గాలు ఎట్లా ఏర్పడ్డాయన్నదే విషయం. ఆ తోటల్లో కూలీలు ఎవరు? ఛోటానాగ్‌పూర్ నుంచి తరలించిన ఆదివాసులు. పేరుకు అది తోటల గురించిన అధ్యయనం, లోపల మన కథ. తర్వాత షిల్లాంగ్‌లో, ఢిల్లీలో పాఠాలు చెప్పిండు. తెగలు కులంలోనో రైతాంగంలోనో కలిసిపోయి మాయమైతయన్న పాత వాదాన్ని ప్రశ్నించిండు. 2013లో కేంద్రం ఆదివాసుల స్థితిగతులపై వేసిన ఉన్నతస్థాయి కమిటీకి అధ్యక్షుడయ్యిండు. 2014లో వచ్చిన ఆ నివేదికను నిర్వాసిత్వం మీద మాట్లాడే ప్రతి ఒక్కరూ ఇయ్యాల్టికీ తిరగేస్తున్నరు. కూలి ఎవరు, తోట ఎవరిది అని మొదలైన అధ్యయనం అక్కడిదాకా పోయింది.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. ఆదివాసీ విద్యార్థి పీహెచ్‌డీలో చేరగానే చాలా చోట్ల వినపడే సలహా ఒకటుంది. "మీ తెగ మీదనే చెయ్యి, సులువు కదా." సులువే. కానీ జాగ్రత్త. మన ఊరి ఆచారాలు, పండుగలు రాసిచ్చే సమాచారకర్తగా మిగిలిపోతే, సిద్ధాంతం ఇంకొకరు రాస్తరు, మనం ఫుట్‌నోట్ అయితం. కొమురం భీం 1940లో అమరుడైన తర్వాత గోండుల గురించి తెలుసుకోవడానికి నిజాం సర్కారు ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన పని విలువైనదే. అయితే ఇన్నేండ్ల తర్వాత కూడా మన గురించి రాసేది వేరేవాళ్లేనా? ఊరి మీద చెయ్యండి, కానీ పెద్ద ప్రశ్న పట్టుకుని చెయ్యండి. 1/70 చట్టం ఉన్న చోట అప్పు ఎట్లా నడుస్తుంది? 1997 సమతా తీర్పు తర్వాత ఖనిజం మీద పెట్టుబడి ఏ దారులు వెతుక్కుంది? 2013 సబ్‌ప్లాన్ చట్టం కింద చూపిన డబ్బు ఏ పద్దులోకి పోయింది? ఇవి మన ప్రశ్నలు, దేశం ప్రశ్నలు కూడా.

ఇక చేదు మాట. ఉద్యోగ ప్రకటన మీ ఆశయాన్ని చదవదు, మీ డిగ్రీ పేరు చదువుతది. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు సంబంధిత లేదా అనుబంధ సబ్జెక్టులో పీజీ కావాలి. జనరల్‌కు 55 శాతం, మనకు 50 శాతం మార్కులు. పొలిటికల్ ఎకానమీ పేరుతో విడిగా శాఖలు అరుదు. కాబట్టి ఎకనామిక్స్, సోషియాలజీ, పొలిటికల్ సైన్స్ వీటిలో ఏ గడపలో నిలబడి ఈ చదువు చదువుతరో ఎమ్మే రోజే తేల్చుకోండి. నెట్ అదే సబ్జెక్టులో రాయండి.

రోస్టర్ తెలుసుకోండి. 13 పాయింట్ల రోస్టర్‌లో ఎస్టీ పోస్టు వచ్చేది 14వ స్థానంలో. శాఖను యూనిట్‌గా లెక్కిస్తే, పది మంది కూడా లేని చిన్న శాఖలో మన వంతు ఎప్పటికీ రాదు. 2017లో అలహాబాద్ హైకోర్టు తీర్పుతో, 2018లో యూజీసీ ఉత్తర్వుతో ఇదే జరగబోయింది. 2019 మార్చి 5న భారత్ బంద్ జరిగింది, రెండు రోజుల్లో ఆర్డినెన్స్ వచ్చింది, తర్వాత అది చట్టమైంది. ఇప్పుడు కేంద్ర విద్యాసంస్థల్లో సంస్థ మొత్తం ఒకే యూనిట్. ఆ పోస్టు ఎవరూ దానమియ్యలేదు, రోడ్డు మీద కొట్లాడితే నిలబడింది. కాయిదం మీద పోస్టున్నా ఇంటర్వ్యూలో 'తగినవారు దొరకలేదు' అని రాసి ఖాళీ పెట్టే అలవాటు ఇంకా పోలేదు. దాని మీద కొట్లాట మిగిలే ఉంది.

ఇంకోటి. 2022 యూజీసీ నిబంధనలతో ఎంఫిల్ పోయింది. అంతకుముందు ప్రశ్న వెతుక్కోవడానికి రెండేండ్లు దొరికేవి. ఇప్పుడు ప్రశ్న చేతిలో పట్టుకునే పోవాలి. పీహెచ్‌డీకి కనీసం 3 ఏండ్లు, మామూలుగా గరిష్ఠం 6. ఎస్టీ విద్యార్థులకు జాతీయ ఫెలోషిప్ ఏటా 750 మందికి ఉంది. అప్లై చెయ్యండి, కానీ పైసలు నెలనెలా టైముకు పడతయని లెక్కేసుకోకండి. ఇంట్లో ముందే చెప్పి పొండి.

కాబట్టి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, అందరూ పీహెచ్‌డీ చెయ్యాలని మేం అనడం లేదు. టీచర్ ఉద్యోగం, పోలీసు ఉద్యోగం తక్కువవి కావు. కానీ ప్రతి మండలం నుంచి ఒక్కరైనా ఈ దారిన పోవాలి. బడ్జెట్ పుస్తకం తెరిచి మన పైసలు ఎటు పోయినయో చెప్పగలిగేటోళ్లు, గ్రామసభ తీర్మానాన్ని, కోర్టు తీర్పును పక్కపక్కన పెట్టి చదవగలిగేటోళ్లు మనకు కావాలి. అప్లికేషన్ నింపే ముందు ఒక రోజు సంతలో కూర్చోండి. తూకం దగ్గర నిలబడ్డ మీ అమ్మనడగండి, ఎక్కడ మోసం జరుగుతుందో. ఆమె చెప్పిన దాంట్లోంచే మీ ప్రశ్న రాసుకుని పొండి.