మినికాయ్ తీరం - మన విజ్ఞానయాత్ర

మన కళాశాల విజ్ఞానయాత్ర ఎక్కడికన్న ప్రశ్న ఏటేటా తలెత్తుతున్నది. కోటలు, ఆనకట్టలు చూచి రావడం పరిపాటి. వాటిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కాని ఈమారు లక్షద్వీపాలలోని మినికాయ్ తీరానికి మన విద్యార్థులను పంపవలసిందిగా కళాశాల సంఘాన్ని కోరుతున్నాము. కొచ్చి నుండి దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల ఓడ ప్రయాణం. ముందుగా ప్రవేశానుమతి కూడా పొందాలి. వ్యయం అధికమే. అయినా మేము ఆ దీవిని చూచి వచ్చాము కనుకనే ఇంత ధైర్యంగా అడుగుతున్నాము.

ఐదు చదరపు కిలోమీటర్లకు లోబడిన నేల. 2011 జనాభా లెక్కల ప్రకారం 10,447 మంది నివాసులు. కొండ లేదు, ఏరు లేదు. 1885లో కట్టిన దీపస్తంభం పైకెక్కి చూస్తే ఒకే దీవికి రెండు తీరాలు రెండు లోకాల వలె కనిపిస్తాయి. తూర్పున పగడపు రాళ్ళ మీద విరిగిపడే అలలు. పాదరక్షలు లేనిదే అడుగు వేయలేము. పడమట తెల్లని ఇసుక, దానినానుకొని పగడపు గట్టు కాపలా కాసే నిశ్చలమైన ఉప్పునీటి మడుగు. దీనినే లగూన్ అంటారు. తీరం వెంట నడిచే కొద్దీ ఆ నీటి రంగు ఆకుపచ్చ నుండి నీలానికి మారుతూ పోతుంది.

యాత్రికులు సాధారణంగా ఈ రంగులను చూచి, ఛాయాచిత్రాలు తీసుకొని తిరిగి వస్తారు. మేమూ మొదటి పూట అంతకంటె ఎక్కువ చూడలేదు. మరునాడు ఒక పడవవాడు చెప్పగా తెలిసింది, ఆ మడుగు దీవికి గాదె వంటిదని. ఇక్కడి జాలరులు ట్యూనాను, అంటే మన కోస్తావారు సూర అనే చేపను, వలతో కాక గాలపు కర్రతో ఒక్కొక్కటిగా పడతారు. అందుకు ఎరగా ప్రాణమున్న చిన్న చేపలు కావాలి. అవి దొరికేది ఈ లగూన్‌లోనే. వాటిని నడిసముద్రంలో వెదజల్లి, పైన నీళ్ళు చిమ్ముతారు. చేపల గుంపు కదులుతున్నదని భ్రమించి ట్యూనా పైకి వస్తుంది. పట్టిన చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి నిలువ చేస్తారు.

మాలో ఒకరు ఒక పగడపు ముక్కను సంచిలో వేసుకోబోగా ఆ పడవవాడే వారించాడు. పగడాలను తీసుకుపోవడం చట్టరీత్యా నేరం. అతడు చట్టం మాట ఎత్తలేదు. "ఇది మా నేల, సాబ్" అన్నాడు. అక్షరాలా నిజం. ఆ దీవి ఇసుక అంతా పగడాల, గవ్వల శిథిలమే. సముద్రం వేడెక్కితే పగడాలు తమలోని నాచును కోల్పోయి తెల్లబారతాయి; 1998, 2010, 2016 సంవత్సరాలలో లక్షద్వీపాలలో అదే జరిగింది. గట్టు చచ్చిన చోట ఇసుక పుట్టదు, అలలకు అడ్డూ ఉండదు.

ఇక్కడ ఒక పక్కమాట. దీవివాసులు ముస్లింలే. కాని వారి భాష మహల్. దానిని కుడి నుండి ఎడమకు తాన లిపిలో వ్రాస్తారు. ఆ లిపిలోని మొదటి తొమ్మిది అక్షరాలు అరబ్బీ అంకెల నుండి ఏర్పడ్డాయి! మేము సలాం చెప్పి ఉర్దూలో సంభాషణ ఆరంభిస్తే, వారు మర్యాదగా చిరునవ్వు నవ్వి తమకు వచ్చిన హిందీలో బదులిచ్చారు. తెలుగు బోధించే ముస్లింను చూచి వింతపడే మన మిత్రులు కొందరు ఆ చిరునవ్వును చూడవలసి ఉన్నది.

పెద్ద బృందం వద్దని మా అభిప్రాయం. పన్నెండు మందికి మించకుండా, భూగోళ, చరిత్ర, భాషా శాఖల విద్యార్థులు వెళ్ళాలి. విద్యార్థినులను తప్పక తీసుకుపోవాలి. అక్కడ సంసారం నడిపేది స్త్రీలే. మగవారు తరతరాలుగా నావికులై నెలల తరబడి సముద్రం మీద ఉంటూ వచ్చారు. వర్షాకాలంలో సముద్రం ఉధృతంగా ఉంటుంది కనుక డిసెంబరు సెలవులు మేలు. అనుమతి పత్రాలకు వ్యవధి పడుతుంది. సంఘం నిర్ణయం దసరా సెలవులకు ముందే వెలువడితే ఓడలో చోటు దొరుకుతుంది.