ఏ గడిలో టిక్కు పెడతావు సారూ?

మావాడికి తొమ్మిదేళ్లు. కుదురుగా కూచోడు. పాలకు పంపితే గిన్నె గోడమీద పెట్టి మరిచిపోతాడు. లెక్క సగంలో వదిలేస్తాడు. ఇది నేను దాచను. మా సూళ్లూరుపేటలో ఇదే పని కలవారి బిడ్డ చేస్తే "డాక్టరుకి చూపించండమ్మా" అంటారు. మావాడు చేస్తే "మాలపల్లె బుద్ధి యాడికి పోతాది" అంటారు. ఒకే చేష్ట. ఆడ జబ్బు, ఈడ కులం!

ఈ మాట నా మొఖం మీద అన్నది వాడి మూడో తరగతి సారు. వాణ్ణి వాకిలి పక్కన చిట్టచివర కూచోబెట్టింది ఆయనే. ధ్యాస నిలవని బిడ్డని తలుపు దగ్గిర పెడితే కన్ను రోడ్డుమీదికి పోదా? సతారా బడికి అంబేడ్కర్ ఇంటినించి గోనెపట్టా మోసుకుపోయి విడిగా కూచున్నాడు. మావాడికి బెంచీ ఇచ్చినారు, అంతే తేడా.

చీకటితో లేచి మద్రాసు రైలెక్కినాం. ఇద్దరి కూలీ పోయింది. ఏడీహెచ్‌డీ అంటే ఏందో ఆడ తెలిసింది. రక్తపరీక్షతో, స్కానింగుతో తేలేది కాదది. చెవులు, కళ్లు, నిద్ర కూడా చూడాల. పన్నెండేళ్ల లోపే లక్షణాలు కనపడుండాల, ఆరునెలలకి తగ్గకుండా సాగుండాల, ఇంట్లోనూ బళ్లోనూ ఉండాల. ఇష్టమైనదాన్ని గంటసేపు చూసినంత మాత్రాన జబ్బు లేదని కాదంట. "శ్రీహరికోట రాకెట్టు చూసేదానికి ఉండే ధ్యాస ఎక్కాలకి లేదా, పొగరు" అన్న సారు ఇది వినాల.

బళ్లో సంగతి ఎవరు చెప్పాల? ఆ సారే! ఆయనతో నింపించుకు రమ్మని కాగితం ఇచ్చినారు. అందులో ధ్యాస ప్రశ్నలతో పాటు అబద్ధాలు, కొట్లాట, దొంగతనం గడులు కూడా ఉండాయి. సారు నిలబడినపాటున అన్నింటికీ "చాలా తరచుగా" అని కొట్టేసినాడు. దొంగతనానికి కూడా. ఒకసారి బళ్లో పెన్సిలు పోతే మొదట దులిపింది మావాడి సంచి. దొరికింది ఇంకో పిలకాయ సంచిలో. అది రాసే గడి ఆ కాగితంలో లేదు.

ఎరుకలోళ్లని పుట్టుకతోనే దొంగలని రాసి కావలి సెటిల్‌మెంటులో పెట్టింది మా నెల్లూరు సీమలోనే. ఆ నేరజాతుల చట్టం 1952 నాటికి దేశమంతా పోయింది. సారు చేతిలో పెన్ను పోలేదు.

"పరీక్షలెందుకు, బిడ్డకి పిచ్చిముద్ర పడతాది" అన్నారు మనోళ్లే కొందరు. ముద్ర ఎప్పుడో పడింది గదా! నాకు కావాల్సింది జబ్బుంటే మందు, వాడికి తగ్గట్టు చెప్పే చదువు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు రాసినారు. చదవడం, రాయడం రాని ఇబ్బంది అందులో ఉంది. ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. సర్టిఫికెట్టు అడగబోతే ఆ తంటా ఇంకోటి.

ఆ కాగితం నేను డాక్టరుకి ఇయ్యలా. ఇంకో ఖాళీ కాగితం తెచ్చి సారు ముందర పెట్టినా. "దొంగతనం గడిలో టిక్కు పెడితే ఏ తేదీ, ఏ వస్తువు, ఎవరి సంచి, పక్కన రాయండి" అన్నా. రెండురోజులు బీరువాలో పెట్టుకున్నాడు. మూడోరోజు తీసుకుపోయి నాలుగో తరగతి టీచరమ్మకి ఇచ్చినా. ఆమె నెలరోజులు వాణ్ణి ముందు బెంచీలో పెట్టి, చూసి నింపింది. ధ్యాస గడుల్లో చానా మటుకు "తరచుగా". దొంగతనం దగ్గిర "ఎన్నడూ లేదు".

బుధవారం మళ్లీ మద్రాసు రైలు.