వంత పాట

హైదరాబాదు నగరంలో తార్నాకకు ఒక ప్రత్యేకత ఉంది. ఒకవైపు ఉస్మానియా విశ్వవిద్యాలయం, మరొకవైపు లాలాగూడ రైల్వే నివాసాలు, ఉప్పల్ దారిలో జాతీయ పరిశోధన సంస్థలు ఉండడం వల్ల తెలుగు నేల నాలుగు చెరగుల నుంచీ చదువు కోసమో, కొలువు కోసమో వచ్చినవారు ఇక్కడ ఇరుగుపొరుగులయ్యారు. ఒకే భవనంలో పై అంతస్తున శ్రీకాకుళం కుటుంబం, కింది అంతస్తున కరీంనగర్ కుటుంబం, ఎదుటి వాటాలో అనంతపురం కుటుంబం కనిపించడం ఇక్కడ వింత కాదు. వీరంతా తమ వెంట యాసలు తెచ్చుకున్నారు, పచ్చళ్లు తెచ్చుకున్నారు, పాటలూ తెచ్చుకున్నారు. యాసను పిల్లలు ఎగతాళి చేసినా పెద్దల నోట అది నిలిచే ఉంది. పచ్చడి జాడీ ఏటా ఊరి నుంచి వస్తూనే ఉంది. పాట మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది.

ఈ మాట అతిశయోక్తి అనిపిస్తే బతుకమ్మ పండుగనాళ్లలో ఆ వీధుల వెంట ఒకసారి నడిచి చూడవచ్చు. 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించిన తరువాత బతుకమ్మకు ఆదరణ పెరిగిందే గాని తగ్గలేదు. తంగేడు, గునుగు అంగడిలోనే దొరుకుతున్నాయి. బతుకమ్మను పేర్చే నేర్పు కూడా చెడలేదు. సాయంకాలం అపార్టుమెంటు ముంగిట స్త్రీలు పట్టుచీరలు కట్టి వలయంగా నిలుస్తారు. చప్పట్లు మొదలవుతాయి. అయితే పాడేది వారు కాదు, మూలన నిలబెట్టిన స్పీకరు. నలభై మంది నోరు మెదపకుండా దాని వేగానికి అడుగులు కలుపుతూ తిరుగుతారు. స్పీకరు ఆగితే ఆట ఆగుతుంది. పండుగ ఉంది, పూలు ఉన్నాయి, జనం ఉన్నారు. ఒక్క గొంతు లేదు.

పోయినది పాట కాదేమో, వంత అనడం సబబు. తెలుగువారి జానపద గానంలో వంతకు ఉన్న స్థానం చాలా పెద్దది. బతుకమ్మ పాటలో పెద్దామె ఒకరు చరణం ఎత్తుకుంటారు. తక్కినవారు ఆ చరణాన్నో, చివర వచ్చే 'ఉయ్యాలో', 'వలలో' వంటి మకుటాన్నో అందుకుంటారు. బుర్రకథలో కథకునికి ఇరుపక్కలా ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు లోకవ్యవహారం మాట్లాడతారు. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు ఊపిరి తీసుకునే వేళ కథను నిలబెట్టేది వెనుకనున్న డోళ్లూ గొంతులే. నేటి వాడుకలో 'వంత పాడడం' అంటే ఇతరుల మాటకు తలూపడం అనే తక్కువ అర్థం స్థిరపడింది. ఇంత విలువైన పనికి ఇంత చులకన అర్థం ఎలా వచ్చిందో ఆలోచించవలసినదే.

ఎందుకంటే పల్లెలో వంతే సంగీత పాఠశాల. నాలుగేళ్ల పిల్ల తల్లి కొంగు పట్టుకుని వలయంలో తిరుగుతూ మొదట మకుటాన్ని మాత్రమే పలుకుతుంది. రెండు మూడు పండుగలు గడిచేసరికి చరణం చివరి మాటలు నోటికి వస్తాయి. పదేళ్ల నాటికి సగం కథ వస్తుంది. పెళ్లై అత్తవారింటికి వెళ్లిన తరువాత, అక్కడ పాట ఎత్తుకునేవారు లేకపోతే, తానే ఎత్తుకుంటుంది. ఆమెకు ఎవరూ పాఠం చెప్పలేదు. తప్పు పాడినా నలుగురి గొంతులో ఆ తప్పు కలిసిపోయింది. బాణీ కొద్ది స్వరాల పరిధిలోనే తిరుగుతుంది కనుక గొంతు బాగా లేదన్న సంకోచానికి కూడా తావు లేదు. స్పీకరు వచ్చి చేసిన పని ఒక్కటే. పాట ఎత్తుకునే ఆమె స్థానాన్ని తాను ఆక్రమించింది. పెట్టెకు వంత అక్కరలేదు. దానితో ఆ నాలుగేళ్ల పిల్లకు బడి మూతపడింది.

ఈ బడి నిన్నమొన్నటిది కాదు. పదమూడవ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అంటూ ఆనాటి జనం పాడుకునే పాటలను పేరుపేరునా పేర్కొన్నాడు. ఆయన ద్విపదను చేపట్టడానికి కారణం అది జనం నోట సులువుగా పలకడమే. క్రీడాభిరామంలో (అది శ్రీనాథునిదా, వినుకొండ వల్లభరాయనిదా అన్న తగవును పండితులకే వదిలేద్దాం) ఓరుగల్లు వీధుల్లో పలనాటి వీరుల కథను పాడే గొంతు వినిపిస్తుంది. కావ్యాలు చదివినవారు ఈ ప్రస్తావనలను పరీక్షల కోసం కంఠస్థం చేస్తారు. ఆ తుమ్మెద పదాల వంశానికి చెందిన పాటే తమ నాయనమ్మ నోట ఉన్నదన్న సంగతి చాలామందికి తోచదు.

తోచినవారు లేకపోలేదు. వరంగల్లు ప్రాంతంలోని దేవునూరులో 1925లో పుట్టిన బిరుదురాజు రామరాజు పల్లెలో విన్న పాటలను మరచిపోకుండా ఉస్మానియా ప్రాంగణానికి తీసుకువచ్చారు. తెలుగు జానపద గేయ సాహిత్యంపై పరిశోధించి 1956లో డాక్టరేటు పొందారు. ఉస్మానియాలో తెలుగు శాఖకు అదే తొలి డాక్టరేటు. ఆ గ్రంథం 1958లో అచ్చయింది. 1939లో ప్రారంభమైన ఆ ఆర్ట్స్ కళాశాల రాతి భవనంలో, ప్రబంధాలకూ వ్యాకరణానికీ పీట వేసిన కాలంలో, దంపుళ్ల పాటనూ లాలిపాటనూ పరిశోధనకు అర్హమైన వస్తువులుగా నిలబెట్టడం సాహసమే. తరువాత నాయని కృష్ణకుమారి జానపద గేయగాథలను పరిశీలించారు. అంతకు చాలా ముందే, 1874లో, జె. ఎ. బోయిల్ అనే ఆంగ్లేయుడు సర్వాయి పాపని కథాగేయం వంటివాటి గురించి 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో వ్రాశాడు. పరాయివాడికి వినిపించిన పాట మన విద్యాలయాలకు వినిపించడానికి ఎనభై ఏళ్లు పట్టింది.

ఈ మహనీయులు చేసిన మేలు తక్కువది కాదు. అయినా అచ్చు పుస్తకానికి ఒక హద్దు ఉంది. అది మాటను పట్టుకుంటుంది, గొంతును పట్టుకోలేదు. ఏ అక్షరం దగ్గర గొంతు సాగింది, ఎక్కడ రోకటిపోటు పడింది, ఎక్కడ నలుగురూ అందుకున్నారు అన్నవి కాగితం మీదికి రావు. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో వందల పాటల పాఠాలు భద్రంగా ఉన్నాయి. వాటిని తీసి చదివే విద్యార్థి ఛందస్సును లెక్క కట్టగలడు. పాడమంటే మాత్రం చాలాసార్లు పాడలేడు.

ఆ విద్యార్థి పరిస్థితి మరొక రకంగా కూడా గమనించదగినది. అతడు నల్లగొండ నుంచో, పాలమూరు నుంచో, విజయనగరం నుంచో వచ్చి వసతిగృహంలో చేరతాడు. తొలి ఏడు అతని ప్రయత్నమంతా తన యాసను దాచుకోవడం మీదనే ఉంటుంది. యాసతో పాటు పాట కూడా పెట్టె అడుగుకు పోతుంది. తండ్రి చెక్కభజన జట్టులో ఉన్నాడనీ, మేనమామ తప్పెటగుళ్లు ఆడతాడనీ చెప్పుకోవడానికి జంకుతాడు. 2017లో ప్రారంభమైన తార్నాక మెట్రో స్టేషనులో చెవులకు తీగలు తగిలించుకుని నిలబడిన యువకులలో ఇటువంటివారు ఎందరో ఉంటారు. వారి చెవిలో ఏ పాట మోగుతున్నదో పక్కవారికి తెలియదు. ఒకప్పుడు పాట అంటే పక్కవారికి వినిపించేది.

ఆ జంకు శాశ్వతం కాదని అదే ప్రాంగణం చూపించింది. 2009 చివర ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఉద్ధృతమైనప్పుడు ఆర్ట్స్ కళాశాల ముంగిట పాడిన పాటలలో ఎక్కువభాగం పల్లె బాణీలే. గాయకుడు గోచీ కట్టి, గొంగడి భుజాన వేసి ఒక చరణం ఎత్తుకుంటే వేలమంది విద్యార్థులు అందుకున్నారు. రాజకీయాలపై ఎవరి అభిప్రాయం వారిది. కాని సంగీతం వైపు నుంచి చూస్తే అక్కడ జరిగింది ఒక్కటే: ఒక తరం తన బాల్యపు బాణీని సిగ్గుపడకుండా, పెద్ద గొంతుతో, నలుగురిలో పాడింది. పోయిందనుకున్న వంత కొన్ని నెలలపాటు తిరిగి వచ్చింది. ఉద్యమం ముగిశాక పాట మళ్లీ వేదిక మీదికి, వేదిక నుంచి తెర మీదికి చేరుకుంది.

తెర మీద పాటను తప్పుపట్టడం న్యాయం కాదు. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రంలో జానపద సంగీతానికి పాటుపడిన వింజమూరి సీతాదేవి, ఆమె సోదరి అనసూయాదేవి ఆ పాటలను పట్టణ శ్రోత చెవికి ఇంపుగా మలచి వినిపించకపోతే ఎన్నో బాణీలు ఊరి పొలిమేర దాటేవి కావు. 2019లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో కన్నుమూసే నాటికి అనసూయాదేవికి తొంభై ఎనిమిదేళ్లు. ఖండాంతరాలలోని తెలుగువారి ఇళ్లలో పల్లెపాట వినిపించడంలో ఆమె పాలు ఎంతో ఉంది. నేటి యూట్యూబు గాయకులు కూడా తమ పద్ధతిలో అదే పని చేస్తున్నారు. డప్పు దరువును యంత్రపు చప్పుడు మింగివేస్తున్నదన్న విమర్శలో నిజం ఉన్నా, ఆ పాట విని తన ఊరిని తలచుకునే కూలీ ఉన్నంతకాలం దానిని తోసివేయలేం. అయితే వినడం తలుపు వరకే తీసుకువెళుతుంది. లోపలికి అడుగుపెట్టాలంటే నోరు తెరవాలి.

హంగేరీ దేశంలో ఈ విషయాన్ని తొందరగా గ్రహించారు. బేలా బార్టోక్, జోల్తాన్ కొడాయ్ అనే ఇద్దరు యువ సంగీతకారులు ఫోనోగ్రాఫు పట్టుకుని పల్లెలు తిరిగి, 1906లో ఇరవై జానపద గీతాలను ప్రచురించారు. సేకరణతో పని ముగిసిందని కొడాయ్ అనుకోలేదు. మాతృభాష ఎలాగో మాతృసంగీతమూ అలాగే అనీ, పిల్లవాడు ఏ వాద్యం ముట్టకముందే తన నేల పాటను గొంతెత్తి పాడాలనీ ఆయన వాదించి, బడులలో ఆ పద్ధతిని ప్రవేశపెట్టడానికి జీవితాంతం కృషి చేశాడు. మన బడులలో జానపద గేయం పాఠంగా ఉంది; దానికి ప్రతిపదార్థం ఉంది, ప్రశ్నలు ఉన్నాయి. పాడించే గంట అరుదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బాల్యపు పాట అందరికీ ఒకే విధంగా తీపి కాదు. పొలం గట్టున విన్నవారికి నాటుపాట మధురస్మృతి; నడుము వంచి నాట్లు వేసినవారికి అది అలసటను మరపించే మందు. డప్పు, కిన్నెర, జముకు వంటి వాద్యాలు కొన్ని కులాల భుజాల మీద, చాలాచోట్ల కట్టుబాటుగా, తక్కువ చూపు నడుమ బతికాయి. ఆ ఇంటి కుమారుడు డప్పు వదిలి పుస్తకం పట్టుకుంటే సంప్రదాయం పోయిందని నగరంలో కూర్చుని నిట్టూర్చే హక్కు ఎవరికీ లేదు. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న వంటి వీరుల కథలు పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. 2024లో ఆయన భవన నిర్మాణ పనిలో కూలీగా కనిపించారని పత్రికలు వ్రాశాయి. పాటకు చప్పట్లు కొట్టిన లోకం పాటగాడి బువ్వను పట్టించుకోలేదు. పాట నిలవాలని కోరుకునేవారు దానిని పరుల నెత్తిన మోపి తాము శ్రోతలుగా మిగిలిపోవడం కంటే, తమ ఇంటి పాటను తాము నేర్చుకోవడం, వృత్తి కళాకారునికి తగిన ప్రతిఫలం చెల్లించడం మేలు.

ఇంటి పాట నేర్చుకోవడానికి పెద్ద సాధన సంపత్తి అక్కరలేదు. ప్రతి విద్యార్థి జేబులోనూ నేడు ధ్వనిముద్రణ యంత్రం ఉంది. బార్టోక్ మోసిన మైనపు సిలిండర్లతో పోలిస్తే ఇది వరమే. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు నాయనమ్మ పాటను ముద్రించి, దానితోపాటు ఆమె పేరు, ఊరు, ఆ పాటను ఏ పనిలో, ఏ వేడుకలో పాడేవారు, ఎవరి వద్ద నేర్చుకున్నది అన్న వివరాలు వ్రాసుకోవాలి. ఈ వివరాలు లేని పాట చిరునామా లేని ఉత్తరం వంటిది. ఆలస్యానికి మాత్రం వీలు లేదు. తిరగలి, రోకలి ఇళ్ల నుంచి వెళ్లిపోయి చాలాకాలమైంది. వాటి వెంట పాడిన చివరి తరం ఇప్పుడు ఎనభయ్యో పడికి అటూ ఇటూ ఉంది.

సేకర్తలకు తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. పాటను మాటలుగా చెప్పమంటే ముసలమ్మ తడబడుతుంది, చరణాలు తారుమారు చేస్తుంది, మరచిపోయానంటుంది. ఒంటరిగా పాడమన్నా రెండు చరణాలకే ఆగిపోతుంది. మరచిపోవడం వల్ల కాదు. ఆ పాట ఆమె నోట ఎన్నడూ ఒంటరిగా లేదు. చరణం చివర ఎవరో ఒకరు అందుకుంటేనే తరువాతి చరణం ఆమెకు తడుతుంది. అందువల్ల ఫోను ముద్రణకు పెట్టి, చేతులు కట్టుకుని ఎదుట కూర్చునే మనుమనికి ఆమె వద్ద పెద్దగా ఏమీ దొరకదు. ఫోను పక్కన పెట్టి, తప్పో ఒప్పో మకుటం అందుకునే మనుమరాలికి మాత్రం, ఇంటివారెవరూ ఏనాడూ వినని చరణాలు కూడా ఒకదాని వెంట ఒకటి వస్తాయి.